మంకీ ఐలాండ్ మీద యాంటెనా

షిప్ నడిపే గదిని బ్రిడ్జ్ అంటాం, దాని పైకప్పే మంకీ ఐలాండ్. అక్కడున్న టీవీ యాంటెనా డోమ్ మూత తీసి చూస్తే లోపల డిష్ పిచ్చిపట్టినట్టు అటూ ఇటూ తిరుగుతోంది, కింద నుంచి శ్రీకాకుళం కుక్ అరుపు, "సార్, మ్యాచ్ అయిపోద్దండీ!"

వైజాగ్ యాంకరేజ్‌లో లంగరేసి ఉన్నాం. బ్రిడ్జ్‌లో చెప్పి రాడార్ ఆపించి మరీ ఎక్కా, లేకపోతే ఆ పక్కన నిలబడకూడదు.

ఫ్రీ డిష్ టీవీ ఛానెళ్ళు వచ్చే ఉపగ్రహం జీశాట్-15 ఉండేది 93.5 డిగ్రీల తూర్పున, భూమికి దాదాపు 36,000 కిలోమీటర్ల పైన. ఇక్కడి నుంచి ఆగ్నేయంగా 66 డిగ్రీల ఎత్తులో చూడాలి. జీపీఎస్ మనం ఎక్కడున్నామో చెప్తుంది, షిప్ ముక్కు ఎటుందో గైరో చెప్పాలి. మా గైరో వైరు జంక్షన్ బాక్స్‌లో లూజై ఉంది, అందుకే పాపం ఆకాశమంతా వెతుక్కుంటోంది. ఒక్క స్క్రూ!

బిగించాక రెండు నిమిషాల్లో సిగ్నల్ పట్టుకుని లాక్ అయింది. కాసేపు అలా చూస్తూ కూర్చున్నా. షిప్ ఎడమకి ఒరిగితే డిష్ అంతే కుడికి, బిందె ఎత్తుకుని నడిచేవాళ్ళ మెడలాగా. పైగా ఊరికే ఉండదు, సన్నగా సున్నా చుడుతూ ఎటువైపు సిగ్నల్ ఎక్కువుందో చూసుకుని అటు జరుగుతుంది, మూడు డిగ్రీలు తప్పితే బొమ్మ పోయినట్టే.

చిన్నప్పుడు నాన్న మేడెక్కి యాంటెనా తిప్పుతూ "వచ్చిందా?" అంటే నేను కిటికీలోంచి "ఇంకొంచెం, ఇంకొంచెం, ఆ పోయింది!" అనేవాణ్ణి. అదే పని ఇది, అరుపుల్లేకుండా.

కిందకి దిగేసరికి మ్యాచ్ అయిపోయింది. కుక్ నాతో మాట్లాడట్లేదు.