చనిపోయిన పిల్లి మెడగంట మోగితే

పెంచుకున్న కుక్కో పిల్లో పోయాక, మొదటి కొన్ని వారాల్లో మనుషులు చెప్పే అనుభవాలు ఎవరింట్లోనైనా దాదాపు ఒకే తీరున ఉంటాయి. నేల మీద గోళ్ల టకటక. మెడలోని గంట ఒక్కసారి మోగి ఆగిపోవడం. తలుపు గీకిన చప్పుడు. నిద్ర పట్టే వేళకు కాళ్ల దగ్గర మంచం కాస్త కుంగినట్టు ఉండడం. కంటి చివర నల్లగా ఏదో దాటిపోవడం. ఆ జంతువు బతికుండగా రోజూ చేయని పని ఇందులో ఒక్కటీ లేదు. దెయ్యమై వచ్చిన కుక్క కొత్త పని ఏదైనా చేసిందని చెప్పేవాళ్లు అరుదు.

జంతువులు దెయ్యాలై తిరిగొస్తాయనడానికి పరీక్షకు నిలిచిన రుజువు ఇంతవరకు ఒక్కటీ లేదు. అలాగని వినిపించిందన్నవాళ్లు అబద్ధం చెబుతున్నారనీ, వాళ్లకు మతి చెడిందనీ కాదు. 1971లో వేల్స్‌లో డెవీ రీస్ అనే డాక్టరు భర్తనో భార్యనో పోగొట్టుకున్న 293 మందిని అడిగితే, పోయిన మనిషి పక్కనే ఉన్నట్టు అనిపించడం, కనిపించడం, వినిపించడం లాంటివి దాదాపు సగం మందికి జరిగాయని తేలింది. వాళ్లలో చాలామంది అప్పటిదాకా ఆ సంగతి ఎవరికీ చెప్పుకోలేదు. అది మనుషుల గురించిన లెక్కే. అయినా పన్నెండేళ్లు రోజూ సాయంత్రం తలుపు తీయగానే కాళ్లకు చుట్టుకున్న జంతువు విషయంలో మెదడు వేరుగా ఎందుకు నడుచుకుంటుంది? రావాల్సిన చప్పుడు కోసం అది ముందే చెవులు రిక్కించి ఉంటుంది. దానికి దగ్గరగా ఉన్న చప్పుడు ఏది దొరికినా దాన్నే ఆ స్థానంలో పెట్టేస్తుంది.

దెయ్యాలున్నాయని గట్టిగా వాదించేవాళ్లకు రెండు చిక్కు ప్రశ్నలు. మొదటిది గంట గురించి. మనుషుల దెయ్యాలకు బట్టలు ఎక్కడివని పందొమ్మిదో శతాబ్దంలోనే వెక్కిరించారు. పిల్లికి బట్టల గొడవ లేదు గానీ మెడపట్టీ ఉంది, దానికి ఇత్తడి గంట ఉంది. పిల్లికి ఆత్మ ఉందనే ఒప్పుకుందాం. ఇత్తడికి కూడానా? రెండో ప్రశ్న ఇంకా ఇబ్బందికరం. ప్రపంచంలో ఏటా 7,000 కోట్లకు పైగా కోళ్లను కోస్తారు. హఠాత్తుగా, బలవంతంగా పోయిన ప్రాణమే దెయ్యమవుతుందంటే కోళ్లఫారాల దగ్గర మనిషి నిలవలేడు. కనిపించేవన్నీ మనం పేరు పెట్టి పిలిచిన జంతువులే. లేదంటే చీకట్లో మనల్ని భయపెట్టగల నల్ల కుక్కలు.

నల్ల కుక్కల్లో పేరుమోసినది ఇంగ్లండ్‌లోని బంగే అనే ఊరిది. 1577 ఆగస్టు 4న పెద్ద ఉరుముల గాలివాన మధ్య చర్చిలోకి నల్ల కుక్క దూసుకొచ్చి ఇద్దరిని చంపిందని అప్పట్లో ఒక కరపత్రం అచ్చయింది. చర్చి లెక్కల్లో గాలివాన ఉంది, చావులు ఉన్నాయి, కుక్క ఊసు లేదు. పిడుగు పడిందనుకుంటే మిగతాదంతా సరిపోతుంది. విచిత్రం ఏమిటంటే, దెయ్యాల వాదనకు కాస్త బలమున్న ఇంకో కేసు కూడా ఆ దరిదాపుల్లోదే. 1904 జులైలో నవలాకారుడు రైడర్ హాగర్డ్‌కు తమ నల్ల రిట్రీవర్ కుక్క బాబ్ నీళ్ల పక్కన చచ్చిపోతూ ఏదో చెప్పాలని చూస్తున్నట్టు కలొచ్చింది. కుక్క కనిపించడం లేదని తెలియకముందే ఆయన ఆ కలను ఇంట్లోవాళ్లకు చెప్పాడు. కొన్ని రోజులకు దాని శవం నదిలో దొరికింది, రైలు గుద్దిందని తేలింది. సాక్షులున్నారు, తేదీలున్నాయి. లేనిదల్లా ఒక్కటే: కుక్క చచ్చినట్టు కలొచ్చి, పొద్దున అది తోక ఊపుకుంటూ ఎదురొచ్చిన సందర్భాల లెక్క. ఆ లెక్క ఎవరూ రాసిపెట్టరు. అది లేకుండా ఇది కాకతాళీయమా కాదా అన్నది తేలదు.

ఇక మీ ఇంట్లో వినిపించేవాటి సంగతి.

గోళ్ల చప్పుడుకు నేను మొదట అనుమానించేది వేడినీళ్ల పైపును. 5 మీటర్ల రాగి పైపు 30 డిగ్రీలు చల్లారితే సుమారు రెండున్నర మిల్లీమీటర్లు కురచవుతుంది. అదే పొడవు సీపీవీసీ (ప్లాస్టిక్) పైపైతే తొమ్మిది మిల్లీమీటర్ల పైనే. పైపు గోడలోంచి వెళ్లే చోటో, క్లాంపు బిగుసుకున్న చోటో ఆ కురచదనం సాఫీగా జరగదు. పట్టుకుని, ఒక్కసారిగా జారుతుంది: టక్. మళ్లీ పట్టుకుంటుంది, టక్. నీళ్లు ఆపిన కొత్తలో త్వరగా చల్లారుతుంది కాబట్టి చప్పుళ్లు దగ్గరదగ్గరగా వస్తాయి, పోనుపోను మధ్య విరామం పెరుగుతుంది. టకటకటక, టక టక, టక్... టక్. చెవికి అది అచ్చం హాల్లోంచి వంటగది వైపు నడిచి వెళ్లిపోతున్న కుక్కే. తేల్చుకోవడం తేలిక. పట్టపగలు పది నిమిషాలు వేడినీళ్లు వదిలి, ఆపి, చప్పుడు వినిపించే చోట ఇరవై నిమిషాలు కూర్చోండి. వస్తే క్లాంపు కొంచెం వదులు చేసి మధ్యలో రబ్బరు ముక్క పెట్టండి, అంతటితో ఆగుతుంది. చెక్క నేల, రేకుల కప్పు కూడా రాత్రి చల్లబడేటప్పుడు ఇలాగే చప్పుడు చేస్తాయి.

కంటి చివర కనిపించి, తిరిగి చూడగానే మాయమయ్యే పిల్లిది ఇంకో లెక్క. మసక వెలుతురులో చూపునిచ్చే రాడ్ కణాలు కంటి తెర నడిమధ్యలో లేవు. చెయ్యి చాచితే చిటికెనవేలి గోరు కప్పేంత మేర, బాగా చీకట్లో మనం గుడ్డివాళ్లమే. కుర్చీ కింద పడున్న నల్ల సంచి పక్కచూపుకు మసగ్గా, బొద్దుగా, చెవులున్నట్టు కూడా కనిపిస్తుంది. సూటిగా చూస్తే ఆ చీకటి చుక్కలో పడి కరిగిపోతుంది. నక్షత్రాలు చూసేవాళ్లు మసక చుక్కను కావాలనే పక్కచూపుతో చూసేది ఇందుకే. మాయమవడమే దెయ్యానికి గుర్తని అనుకుంటారు గానీ, అది కంటి నిర్మాణానికి గుర్తు. అదే వేళకు అదే చోట అదే దీపం పెట్టుకుని కూర్చోండి, కళ్లు చీకటికి అలవాటు పడేదాకా 20 నిమిషాలు ఆగండి, ఆ వైపున్న సామాన్లు ఒక్కొక్కటే తీసి చూడండి. ఏది తీస్తే పిల్లి పోయిందో తెలుస్తుంది.

(విక్ టాండీ అనే ఇంజినీరు 1998లో రాసిన 19 హెర్ట్జ్ శబ్దం సంగతి చాలామంది ఎత్తుతారు. ల్యాబ్‌లో ఫ్యాను వల్ల పుట్టిన, చెవికి అందని కంపనం కంటి చివర బూడిదరంగు ఆకారం చూపించిందన్నది. కథ బాగుంది. తర్వాతి ప్రయోగాల్లో అంత గట్టిగా నిలబడలేదు. ముందు నల్ల సంచి తీసి చూడండి.)

మంచం కుంగడం నిద్ర అంచున జరిగేది. పూర్తిగా నిద్ర పట్టని ఆ కాసేపు కాళ్ల మీద బరువు, పక్కన ఎవరో ఉన్నారన్న భావన ఆరోగ్యవంతులకూ వస్తాయి. నిద్ర చాలనివాళ్లకు ఎక్కువ, దుఃఖంలో ఉన్నవాళ్లకు నిద్ర ఎటూ చాలదు.

ఇంట్లో మిగిలిన జంతువు ఖాళీ మూలను చూస్తూ ఉండిపోతే దాన్ని సాక్షిగా పిలుస్తారు. మనం 20 కిలోహెర్ట్జ్ దాకా వింటాం, పెద్దవాళ్లమైతే అంతకూడా కాదు. కుక్కకు దాదాపు 45, పిల్లికి 64 పైచిలుకు దాకా వినిపిస్తుంది. ఎలుకలు ఒకదాన్నొకటి పిలుచుకునేది 22, 50 కిలోహెర్ట్జ్ దగ్గర. అంటే పిల్లి గోడను చూస్తోందంటే గోడలో మాటలు జరుగుతున్నాయనే. చనిపోయినదాని పరుపు దగ్గరికి రెండో కుక్క వెళ్లి నిలబడుతోందంటే అక్కడ వాసన మిగిలి ఉంది. ఒక్క విషయంలో మాత్రం నవ్వి వదిలేయొద్దు. జంతువు తల తీసుకెళ్లి గోడకు ఆనించి నొక్కి పెడుతున్నా, లేని ఈగల్ని నోటితో పట్టబోతున్నా, ముసలి పిల్లి రాత్రుళ్లు ఉన్నట్టుండి గట్టిగా అరుస్తున్నా వెటర్నరీ డాక్టరుకు చూపించండి. మెదడు జబ్బు, మూర్ఛ, బీపీ, థైరాయిడ్ ఇలాగే బయటపడతాయి. తల నొక్కడమైతే ఆ రోజే చూపించాలి.

రాత్రి నేల మీద పొడి చల్లి పొద్దున పాదముద్రలు వెతికే పరీక్షకు గోధుమపిండి వాడకండి, ఎలుకల్నీ చీమల్నీ మీరే పిలిచినట్టవుతుంది. టాల్కం పౌడరు చదరపు మీటరుకు రెండు చెంచాలు చాలు. మోకాలి ఎత్తు నుంచి సన్న జల్లెడతో రాల్చండి, ఫ్యాను ఆపండి, మిగతా జంతువుల్ని ఆ గదిలోకి రానివ్వకండి, ఆ పొడి వాటి ఊపిరితిత్తులకు మంచిది కాదు. పొద్దున టార్చిని నేలకు ఆనించినట్టు పట్టుకుని పక్కనుంచి చూడండి, పక్కన స్కేలు పెట్టి ఫొటో తీయండి. కుక్క పాదంలో నాలుగు వేళ్లు, ముందు గోళ్ల గుర్తులు. పిల్లికి నాలుగు వేళ్లే గానీ గోళ్లు లోపలికి ముడిచి నడుస్తుంది. ముందు కాలికి నాలుగు, వెనక కాలికి ఐదు వేళ్లుంటే ఎలుక.

ఫొటోల మీద ఎక్కువ రాయను. గుండ్రటి తెల్ల చుక్కలు లెన్సుకు దగ్గరగా ఫ్లాష్ పడిన దుమ్ము. ఫోన్ నైట్ మోడ్ కొన్ని క్షణాల పాటు తీసిన చిత్రాలను కలుపుతుంది కాబట్టి, ఆ మధ్యలో నడిచిన బతికున్న పిల్లి కూడా అద్దంలా పారదర్శకంగా పడుతుంది.

అనుభవాలతోపాటు తలనొప్పి, వికారం, నీరసం ఇంటిల్లిపాదికీ ఉంటే, బయటికి వెళ్లగానే తగ్గుతుంటే, అన్నీ పక్కన పెట్టి కిటికీలు తెరిచి బయటికి రండి. వాసన లేని కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు వల్ల ఒక కుటుంబమంతా అడుగుల చప్పుళ్లు వినడం, మనుషుల్ని చూడడం 1921లో ఒక కంటి వైద్య పత్రికలో అచ్చయింది. ఇల్లు వేడిచేసే పాడైన కొలిమిని బాగుచేయించాక దెయ్యాలూ పోయాయి. గ్యాసు గీజరు, బొగ్గు పొయ్యి ఉన్న ఇంట్లో ఆ వాయువును పసిగట్టే అలారం పెట్టించండి.

ఇంకా తేలకపోతే రికార్డింగు. రెండు ఫోన్లు తీసుకోండి, ఫ్లైట్ మోడ్‌లో పెట్టండి. ఒకటి చప్పుడు వచ్చే చోట నేల మీద, రెండోది మీ తల దగ్గర. రెండింటిలో రికార్డింగు మొదలుపెట్టి, టైము పైకి చెప్పి, గట్టిగా ఒక్కసారి చప్పట్లు కొట్టండి, తర్వాత రెండూ కలిపి వినడానికి అదే గుర్తు. చప్పుడు వినిపించినప్పుడల్లా ఫోన్ ముట్టుకోకుండా కాగితం మీద టైము రాయండి, దాని పక్కనే నిద్రపోతున్నారా మెలకువా అన్నదీ రాయండి. పద్నాలుగు రాత్రులు చేయాలి, మూడు రాత్రులతో ఏమీ తెలియదు. మర్నాడు వినేటప్పుడు కాగితం చూడకుండా ముందు రికార్డింగు వినాలి, ఈ వరుస తప్పితే చెవి మళ్లీ తనకు కావలసిందే వింటుంది. రెండింటిలోనూ చప్పుడు పడితే అది ఇంటిది, పైపు దగ్గర మొదలుపెట్టండి. కాగితం మీద టైము ఉండి రెండు రికార్డింగుల్లోనూ ఏమీ లేకపోతే అది మీ చెవిలోది. దానికి రిపేరు అక్కర్లేదు. చాలామందికి నెలలు గడిచేకొద్దీ పలచబడుతుంది, కొందరు అది తగ్గిపోతున్నందుకే బాధపడతారు.