గుమ్మడి క్యాండిల్ కోసం జూలైలోనే ఫోన్

గుమ్మడి క్యాండిల్ కొనిపెట్టమని అమెరికాలో ఉన్న మా బిడ్డకు ఫోన్ చేశాను. "అమ్మా, ఇంకా జూలైనే గదా" అంది.

"జూలై గనకనే చెప్తున్న బిడ్డా. సద్దులకు ముందటి రోజు నువ్వులకు వచ్చినోళ్ళకు మన దుకాణంల ఏం మిగులుతదో నీకు తెల్వదా?" అన్నాను. సరే, ఈ శనివారమే పోయి చూస్తానంది.

హనుమకొండ కుమార్‌పల్లిలో మాది కిరాణా దుకాణం. 26 ఏళ్ళుగా గల్లా దగ్గర కూర్చుంటున్నాను. సీజన్ సరుకు ఎట్లా వస్తుందో, ఎట్లా పోతుందో నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. సద్దుల బతుకమ్మకు నువ్వులు, పల్లీలు, బెల్లం, కొబ్బరి కావాలి. పెత్రామాస, అంటే మహాలయ అమావాస్య, ఇంకా పది రోజులుందనగానే ఆ సరుకు వరంగల్ బీట్ బజార్ నుంచి దింపుకుంటాం. పండుగ ముందు రోజు సాయంత్రం ఏడు గంటలకు వచ్చినవాళ్ళకు దొరికేది అడుగున నలిగిన బెల్లం ముక్కలే. మళ్ళీ తెప్పించవచ్చు కదా అని కోపం చేస్తారు. తెప్పిస్తే పండుగ తెల్లారి నుంచి అది నా దగ్గరే పడి ఉంటుంది. ఆ అర నాకు దీపావళి ప్రమిదలకు, వత్తులకు, నూనె ప్యాకెట్లకు కావాలి. అమెరికాలో హాలోవీన్ అనే దయ్యాల బొమ్మల పండుగకు వచ్చే క్యాండిళ్ళ సంగతి కూడా ఇంతేనని 2023లో కళ్ళారా చూశాను.

ఆ ఏడు బిడ్డ కాన్పు కోసం ఒహాయో రాష్ట్రంలోని కొలంబస్ పోయాను. సెప్టెంబర్ మొదట్లో దిగాను. తొమ్మిదో నెల దగ్గర పడుతోంది, డాక్టరమ్మ నడవమంది, బయట నడిస్తే ఎండ అని అది నన్ను తీసుకుని రోజూ మాల్‌కు పోయేది. అక్కడ ఇంటికి వాసన పెట్టుకునే సామాన్ల దుకాణాలే మూడు నాలుగున్నాయి. హాలోవీన్ అక్టోబర్ 31న. దాని సరుకు మాత్రం ఎండాకాలంలోనే, జూలై ఆగస్టుల్లోనే అరల మీదికి ఎక్కుతుంది. దయ్యం బొమ్మల సీసాలు, గబ్బిలం రెక్కల క్యాండిల్ స్టాండ్లు, ప్లగ్గుకు తగిలించే సెంటు మిషన్లు, పుర్రె బొమ్మ వేసిన చేతి సబ్బులు. నేను చూసేసరికే కొన్ని అరలు ఖాళీ. పండుగ ఇంకా రెండు నెలలుందే, ఇదేం తొందర అని అడిగితే, హాలోవీన్ గడవకముందే క్రిస్మస్ సరుకు వస్తుంది, వీటిని మళ్ళీ దింపరు అని చెప్పింది. ఇక నాకు వివరం అక్కర్లేకపోయింది.

ఇంటి వాసనల వ్యాపారానికి ఆ ఊరివైపు గట్టి పేరే ఉంది. బాత్ అండ్ బాడీ వర్క్స్ 1990లో మొదలైంది కొలంబస్ పక్కనున్న న్యూ ఆల్బనీలోనే. అల్లుడు ఇంకో కంపెనీ సంగతి కూడా చెప్పాడు, అది నా మనసులో అట్లాగే ఉండిపోయింది. 1969లో మసాచుసెట్స్ రాష్ట్రంలోని సౌత్ హాడ్లీలో మైఖేల్ కిట్రెడ్జ్ అనే పదహారేళ్ళ పిల్లవాడు, క్రిస్మస్‌కు అమ్మకు ఏదైనా ఇవ్వాలని క్రేయాన్లు కరిగించి కొవ్వొత్తి చేశాడట. యాంకీ క్యాండిల్ అక్కడి నుంచి మొదలైంది. అమ్మ కోసం చేసిన కొవ్వొత్తి అంత దూరం పోయిందంటే నాకు సంతోషం అనిపించింది.

ఇక నేను వెతుకుతున్న క్యాండిల్ గురించి. గాజు సీసా మీద నవ్వుతున్న తెల్ల దయ్యం బొమ్మ. మూడు వత్తులు. మైనం 14.5 ఔన్సులు, అంటే 411 గ్రాములు. పేరు గుమ్మడి పేరే గానీ, మూత తీసి ముక్కు దగ్గర పెట్టుకుంటే వచ్చింది గుమ్మడి వాసన కాదు. ముందు దాల్చినచెక్క, వెంటనే లవంగం, లోపల జాజికాయ, చివర్లో సొంఠి. రోజూ తూకం వేసే సరుకు ముక్కుకు తెలియకుండా ఉంటుందా! పంప్కిన్ స్పైస్ అంటే వాళ్ళు గుమ్మడి పైలో కలిపే మసాలా పొడి. ఆ పొడిలో గుమ్మడి ఉండదు. నాకు మాత్రం ఆదివారం బగారన్నం చేసేటప్పుడు కాగిన నూనెలో మొదట చెక్క, లవంగం పడగానే వంటింట్లోంచి వచ్చే వాసన అది. ఇల్లు విడిచి మూడు వారాలే అయినా, ఆ దుకాణంలో నిలబడి నాకు కళ్ళు తడిశాయి. బిడ్డ మారు మాట లేకుండా దాన్ని బుట్టలో వేసింది.

అక్టోబర్ 18న, మన అట్ల బతుకమ్మ నాడు, మనవడు పుట్టాడు.

ఇంట్లో పురుడు. బతుకమ్మ పేర్చేది లేదు, దేవుని దగ్గర దీపం ముట్టించేది లేదు. పెళ్ళయిన నాటి నుంచి పొద్దుగూకితే దీపం పెట్టని రోజులు నాకు వేళ్ళ మీద లెక్క. పైగా సద్దులనాడు హనుమకొండలో పద్మాక్షి గుట్ట దగ్గర ఎంత జనం, ఎన్ని పూలు! అవన్నీ ఫోన్‌లో చూసుకుంటూ కూర్చున్నాను. ఆ సాయంత్రం బిడ్డ మెల్లగా మెట్లు దిగి వచ్చి, వంటగది గట్టు మీద ఆ క్యాండిల్ పెట్టి మూడు వత్తులూ వెలిగించింది. "ఇది దేవుని దీపం కాదు గదమ్మా, దీనికి పురుడు లేదు" అంది. పసివాడు పై గదిలో నిద్రపోతున్నాడు, ఆ వాసన వాడిదాకా పోకుండా తలుపు వేశాం. కిటికీ బయట ఎర్రబడ్డ ఆకులు రాలుతున్నాయి. ఆ గంటసేపు నేను ఇంట్లోనే ఉన్నట్టు ఉంది.

అప్పటి నుంచి ఆ వాసన నాకు మనవడి వాసన.

మార్చిలో తిరిగి వచ్చేటప్పుడు సగం కాలిన ఆ సీసాను చీరల మధ్య పెట్టుకుని తెచ్చుకున్నాను. ఆ సైజు క్యాండిల్ 25 నుంచి 45 గంటలు కాలుతుంది. మిగిలిన గంటలను చాలా పొదుపుగా వాడాను. 2024లో దీపావళి, హాలోవీన్ ఒకే రోజు వచ్చాయి, రెండూ అక్టోబర్ 31నే. ఇక్కడ రాత్రి ఏడు గంటలు, అక్కడ ఉదయం తొమ్మిదిన్నర. గడప దగ్గర ప్రమిదలు పెట్టి, లోపల ఆ క్యాండిల్ చివరిసారి వెలిగించి వీడియో కాల్ చేశాను. వాళ్ళ గుమ్మం దగ్గర కళ్ళూ నోరూ చెక్కిన గుమ్మడికాయ ఉంది. మనం దిష్టికి గుమ్మానికి బూడిద గుమ్మడికాయ కడతాం, వాళ్ళు చెడు ఆత్మలు రాకుండా గుమ్మడికాయలో దీపం పెడతారు. పెత్రామాసనాడు పెద్దలకు బియ్యం ఇచ్చి ఆ సాయంత్రమే ఎంగిలిపూల బతుకమ్మ ఆడే మనకు, పోయినవాళ్ళను తలుచుకునే రోజుల్లోంచే హాలోవీన్ పండుగ పుట్టిందంటే వింత ఏముంది?

ఆ ఏడు కొత్తది దొరకలేదు. తప్పు నాదే, అక్టోబర్ మొదటి వారం దాకా చెప్పలేదు. బిడ్డ పోయేసరికి అయిపోయింది. ఆన్‌లైన్‌లో ఒకరు తమ దగ్గర ఉందని మూడింతల ధర చెప్పారు. వద్దన్నాను. సద్దులకు ముందు రోజు నువ్వుల ధర మూడింతలు చేస్తే నా దుకాణం గడప ఎవరైనా తొక్కుతారా? ఆ మనిషి వ్యాపారం నాకు నచ్చలేదు. తర్వాత మన దేశంలోనే అమ్మే ఇంకొకరి దగ్గర అట్లాంటిదే తెప్పించాను. వచ్చింది పాత సరుకు. మైనం పైన చెమట పట్టినట్టు నూనె బొట్లు, మూత తీస్తే వాసన ఉండీ లేనట్టు. వెలిగిస్తే వత్తి కాలిన కమురు తప్ప ఏమీ రాలేదు. వెనక్కి తీసుకోం అన్నారు. చాలా బాధపడ్డాను.

అందుకే ఈసారి జూలైలోనే ఫోన్. బిడ్డకు మూడు మాటలు చెప్పాను. పేరు చూడకు, వాసన చూడు అన్నది మొదటిది. ఏటేటా సీసా మీద బొమ్మ మారుతుంది, ఒక్కోసారి పేరూ మారుతుంది. పేరు కింద చిన్న అక్షరాల్లో ఏమేం వాసనలు కలిపారో రాస్తారు, చెక్క, లవంగం, జాజికాయ మూడూ ఉంటేనే తీసుకో. రెండోది, నాలుగు మూతలు చూశాక కాసేపు ఆగి, నీ చున్నీ వాసన చూసుకో. ముక్కు అలిసిపోతే అన్నీ ఒక్కటే అనిపిస్తాయి, పసుపు, మిరపపొడి కొట్టించిన రోజు నాకు తెలిసిన సంగతే. మూడోది, రెండే తీసుకో. పది కొని దాచుకునేవాళ్ళను అక్కడ చూశాను. వాసన సరుకు దాచినకొద్దీ పెరగదు, మసాలా అయినా మైనం అయినా. పైగా వెనక వచ్చే ఇంకో ఆడమనిషికి అర ఖాళీగా కనబడుతుంది.

నిజానికి చల్లగా ఉన్నప్పుడు మూతలోంచి వచ్చే వాసన ఒకటి, మైనం కరిగాక గదిలోకి వచ్చేది ఇంకొకటి. దుకాణంలో మొదటిదే తెలుస్తుంది. రెండోది నమ్మకం మీద కొనాలి.

కొలంబస్‌లో వాళ్ళ పక్కింటివాళ్ళది కరీంనగర్. వాళ్ళు బతుకమ్మకు వస్తున్నారని తెలిసి, బిడ్డ తను కొన్న రెండు క్యాండిళ్ళనూ వాళ్ళ సామాన్లలో పెట్టించింది. మనిషికి 23 కిలోల పెట్టెలు రెండు, అందులో వాళ్ళ వాళ్ళకు తెచ్చే చాక్లెట్లు, బట్టలు ఎన్ని! మా బరువు వాళ్ళు మోయడం చిన్న విషయం కాదు. గట్టి మైనం క్యాండిల్‌ను విమానంలో తేవడానికి అడ్డు లేదు గానీ, జెల్ క్యాండిల్‌ను చేతి బ్యాగులో రానివ్వరు. గాజు పగలకుండా పిల్లల స్వెటర్లలో చుట్టారు. ప్లగ్గు మిషన్ కూడా పంపనా అని బిడ్డ అడిగితే వద్దన్నాను. అక్కడి కరెంటు 120 వోల్టులు, మనది 230. తెచ్చి పెడితే కాలిపోతుంది.

పెత్రామాసకు రెండు రోజుల ముందు వాళ్ళ తమ్ముడు కరీంనగర్ నుంచి బస్సులో వచ్చి దుకాణంలో ఇచ్చిపోయాడు. ఈసారి సీసా మీద దయ్యం లేదు, నల్ల పిల్లి ఉంది. గల్లా దగ్గరే మూత తీశాను. చెక్క, లవంగం, జాజికాయ, వెనక సొంఠి. పప్పులు కొనడానికి వచ్చినామె "ఏందక్కా, బిర్యానీ మసాలా కొత్తది వచ్చిందా?" అని అడిగింది. ఆమెకు కూడా వాసన చూపించాను.

మన ఇళ్ళలో దీన్ని వెలిగించడానికి కొంచెం ఓపిక కావాలి. పైన ఫ్యాను తిరిగితే మంట ఒక పక్కకు వాలి, మైనం ఒకవైపే కరిగి, గాజుకు మసి పడుతుంది. ఫ్యాను ఆపి, కిటికీ కొంచెం తీసి పెట్టాలి. మొదటిసారి వెలిగించినప్పుడు పైమైనం అంచులదాకా కరిగే వరకు ఆర్పవద్దు, లేకుంటే నడుమ గుంట పడి చుట్టూ మైనం వృథా అవుతుంది. నాలుగు గంటలకు మించి మాత్రం ఉంచవద్దు. ప్రతిసారీ వత్తిని ఆరు మిల్లీమీటర్ల దాకా కత్తిరించుకోవాలి. చీర కొంగు, కర్టెన్, పిల్లలు దూరం. మా ఊళ్ళో మే నెలలో ఎండ 44 డిగ్రీలు దాటుతుంది, రేకుల షెడ్డులో పెడితే మైనం మెత్తబడి వాసన నూనె విడిపోతుంది.

మొన్న అక్టోబర్ 18న మనవడికి రెండేళ్ళు నిండాయి. దుకాణం అరగంట ముందే మూసి, హాల్లో ఫ్యాను ఆపి, ఒకటి వెలిగించి ఫోన్ చేశాను. మావారికి చెమటలు పట్టినా ఏమీ అనకుండా పక్కనే కూర్చున్నారు. వాడు ఫోన్‌లో మంటను చూసి ఊదాడు. ఇక్కడ నేను వంగి, వాడి తరఫున మూడు వత్తులూ ఊదేశాను.

రెండోదాని అడుగున, దుకాణం సరుకుకు రాసినట్టే మార్కర్‌తో "సెప్టెంబర్ 2025" అని రాసి, బియ్యం గదిలో గోడవారన కింది అరలో పెట్టాను. దాని మూత ఇంకా తీయలేదు.