ఒకే పళ్ళెం చుట్టూ

ట్రిపోలీలో నర్సుగా పనిచేసిన రోజుల్లో లిబియా వాళ్ళ ఇళ్ళలో తిన్న తిండి గురించి రాయాలని ఎప్పటినుంచో అనుకుంటున్నాను.

ముందు బజీన్ గురించే చెప్పాలి. బార్లీ పిండిని ముద్దలుగా ఉప్పునీళ్ళలో ఉడికించి, నీళ్ళు వంపేసి, పొడవాటి కర్రతో బలంగా ఎనుపుతారు. భుజాలు నొప్పెట్టే పని అది. నున్నగా అయ్యాక పెద్ద పళ్ళెం మధ్యలో గోపురంలా నిలబెట్టి, చుట్టూ ఎర్రటి టమాటా, గొర్రె మాంసం పులుసు పోస్తారు. పైన బంగాళాదుంపలు, ఉడికించిన గుడ్లు. రాగి సంకటి తిని పెరిగిన నాకు అది పరాయి తిండి అనిపించనే లేదు. కుడిచేత్తో ముద్ద తుంచి పులుసులో మెదుపుకుని తినడమే. అందరిదీ ఒకే పళ్ళెం, ఎవరి ముందున్నది వాళ్ళు తినాలి. మంచి ముక్కలు మాత్రం ఇంటావిడ నా వైపు జరుపుతూనే ఉండేది!

1911 నుంచి 1943 దాకా ఉన్న ఇటలీ పాలన వాళ్ళకి మకరోనీ అలవాటు చేసింది. కానీ వాళ్ళు దాన్ని విడిగా ఉడికించి వార్చరు, కారం పులుసులోనే ఉడకనిస్తారు. నాకైతే అలాగే బాగుంటుంది.

భోజనం అయ్యాక టీ. అక్కడ మద్యం నిషేధం, కబుర్లన్నీ టీతోనే. ఆకు బాగా మరిగించి, చక్కెర దండిగా వేసి, ఎత్తు నుంచి ఒక పాత్రలోంచి ఇంకో పాత్రలోకి నురగ వచ్చేదాకా పోస్తారు. చిన్న గ్లాసుల్లో మూడు విడతలు. చివరి దాంట్లో వేయించిన పల్లీలు వేస్తారు. డ్యూటీ ఉందని రెండో గ్లాసుకే లేవబోతే ఆ ఇంటి పెద్దాయన అస్సలు ఒప్పుకునేవారు కాదు.