గొలుసు పేరా

పొద్దున్నే రికార్డింగ్ నంబర్ 14 పెట్టుకుని కూర్చున్నాను. గంట మాటలు టైప్ చేయడానికి నాకు నాలుగు గంటలు పడుతుంది, అదీ కరెంటు ఉంటే. దివిసీమలో కరెంటు లైన్‌మన్‌గా చేసి రిటైరైన ఒక పెద్దాయన జీవిత కథ ఇది. 75వ పుట్టినరోజుకి పుస్తకం వేయించి బంధువులకి పంచాలని డాలస్‌లో ఉన్న కొడుకు ముచ్చట. 120 పేజీలు, 45 వేలు, మూడు విడతలు, నా పేరు ఎక్కడా ఉండకూడదు.

మొదట్లో ఆయన "కండక్టర్ కాలవలో పడితే రాత్రికి రాత్రే ఈదుకుంటూ వెళ్లి పైకి లాగాం" అంటే నేను ఆ బస్సు కండక్టర్ని కాపాడిన తీరు అరపేజీ రాసి చదివి వినిపించాను. పొలమారేదాకా నవ్వాడు. "అమ్మాయ్, కండక్టరంటే తీగ!"

14లో ఉన్నది 1977 నవంబర్ 19, ఉప్పెన. ఆయనకప్పుడు 27 ఏళ్లు, హెల్పర్. నాగాయలంక, కోడూరు వైపు పడిపోయిన స్తంభాలు నిలబెట్టడానికి వెళ్లి రెండు నెలలు ఇంటికే రాలేదట, ఎక్కడ పొడి నేల దొరికితే అక్కడ పడుకున్నారట. ఇదంతా ఉత్సాహంగా చెబుతుంటే వెనక కుక్కర్ కూత, దాని వెనకే పిన్నిగారి గొంతు. "స్తంభాలు నిలబెట్టారు సరే, ఆ రెండు నెలలూ ఇల్లెవరు నిలబెట్టారో కూడా చెప్పండి. మా అమ్మ పెట్టిన గొలుసు చల్లపల్లిలో తాకట్టు పెట్టి బియ్యం తెచ్చాను." తర్వాత కాసేపు ఫ్యాను చప్పుడే. ఆ తర్వాత ఆయన, "అవును. మళ్లీ విడిపించలేదు."

నాలుగుసార్లు వెనక్కి తిప్పి విన్నాను. ఎక్కడా నగిషీలు పెట్టకుండా ఐదు వాక్యాల్లో రాసి పంపాను.

పదకొండున్నరకి డాలస్ నుంచి ఫోన్. అక్కడ అర్ధరాత్రి దాటింది, పాపం నిద్ర మానుకుని చదివినట్టున్నాడు. "చాప్టర్ బాగుంది మేడమ్, ఆ గొలుసు పేరా మాత్రం తీసేయండి. నాన్న చిన్నబోయినట్టుంటుంది. దాని బదులు 'నా అర్ధాంగి సహకారం మరువలేనిది' అని వేయండి." ఆ వాక్యాన్ని నేనిప్పటికి ఎంతమంది రిటైరైన వాళ్ల పుస్తకాల్లో టైప్ చేశానో లెక్క లేదు. 1957 కాపీరైట్ చట్టంలో 57వ సెక్షన్ ఒకటుంది, హక్కులు అమ్ముకున్నా ఇది నేను రాసిందేనని చెప్పుకునే వీలు రచయితకి ఉంటుంది. దాన్ని పట్టుకుని ఏం చేస్తాను, మూడో విడత ఇంకా రావాలి. తీసేశాను. ఒళ్లు మాత్రం మండింది.

మధ్యాహ్నం ఇంకో పని. ఒక స్టార్టప్ ఆయన లింక్డిన్‌లో వేసుకోవడానికి "నా ఓటములు నాకేం నేర్పాయి" అని రెండు పోస్టులు. ఆయన ఓటములేమిటో చెప్పలేదు, అందుకని నావి కొన్ని అరువిచ్చాను. ఈలోగా ఓనరమ్మ అద్దెకొచ్చి, "రైటర్ అన్నావుగా, మా స్థలం కాగితాలు రాసిపెడతావా" అంది. డాక్యుమెంట్ రైటర్ని కాదండీ అన్నాను. మరి ఏం రైటర్‌వి అని అడిగితే చెప్పుకోడానికి చూపించే పుస్తకం ఒక్కటీ లేదు. డీటీపీ కుర్రాడు మొదటి చాప్టర్ పంపాడు, యూనికోడ్ నుంచి అను ఫాంట్లోకి మార్చేసరికి వత్తులన్నీ చెల్లాచెదురు. అది రేపు చూడాలి.

నాలుగింటికి పెద్దాయన ఫోన్ చేశాడు.

"అమ్మాయ్, మా ఆవిడ అడగమంటోంది, గొలుసు సంగతి రాశావా?"

"రాశాను బాబాయ్‌గారూ." అబద్ధం కాదు కదా, రాశాను.

"రాసిందంట," అన్నాడు అటు తిరిగి. వెనక నుంచి పిన్నిగారు, "ఎన్ని కాసులో రాసిందా? రెండున్నర."

రెండున్నర కాసులు అని చేతిలో ఉన్న కరెంటు బిల్లు వెనక రాసుకున్నాను. డాలస్‌లో ఇంకా తెల్లారలేదు.