"మీ డిజైన్ ఫిలాసఫీ ఏంటి?" ఈ ఒక్క ప్రశ్న దాటడానికి నేను పడ్డ పాట్లు

నిన్న సాయంత్రం ఆఫర్ లెటర్ చేతికొచ్చింది. మంట చల్లారకముందే రాసేస్తున్నాను. ఇంకో నెల పోతే నేనూ "అబ్బే, అంతా సాఫీగానే జరిగిపోయింది" అనేవాళ్ళలో కలిసిపోతాను.

హ్యూమన్ సెంటర్డ్ డిజైనర్, అంటే వాడేవాళ్ళ ఇబ్బందులు చూసి యాప్‌ల లాంటివి డిజైన్ చేసేవాళ్ళ ఉద్యోగానికి ఎన్ని రౌండ్లు పెట్టినా తిప్పి తిప్పి అడిగేవి మూడే: ఇప్పటిదాకా ఏం చేశారు, ఎలా ఆలోచిస్తారు (అదే, డిజైన్ ఫిలాసఫీ), మీ బలాలేంటి. మొదటిది తేలిక. రెజ్యూమె ఒక్క పేజీ, ప్రాజెక్టుకి రెండు వాక్యాలు: కష్టం ఎవరిది, అందులో మీ చేతి పని ఎంత. "మేము" అని రాసిన చోటల్లా "నేను" పెట్టి పైకి చదవండి. నోరు తడబడితే ఆ పని మీది కాదు, తీసేయండి. చేసిన పనులు చూపించే పోర్ట్‌ఫోలియోలో మూడు ప్రాజెక్టులు చాలు. రిక్రూటర్ ఫోను పావుగంటలో అయిపోతుంది.

నన్ను ముంచింది రెండోది.

మొదటి కంపెనీలో ప్యానెల్ ముగ్గురు, సమయం 45 నిమిషాలు. నా రెండో స్లైడ్‌లో పెద్దక్షరాలతో "సహానుభూతే నా డిజైన్‌కు ఊపిరి" అని ఉంది. దాని కింద డబుల్ డైమండ్ బొమ్మ, అంటే డిజైన్ దశల్ని రెండు వజ్రాలుగా గీసి చూపించేది. అప్పటిదాకా నోరు విప్పని సీనియర్ డిజైనర్ ఒకావిడ, "బావుందండీ. ఈ ప్రాజెక్టులో సహానుభూతి వల్ల మారిన బటన్ ఒకటి చూపించండి" అన్నారు.

స్లైడ్లు ముందుకీ వెనక్కీ తిప్పాను. యూజర్ ఇంటర్వ్యూల ఫొటోలున్నాయి, గోడ నిండా పసుపు చీటీలున్నాయి, పేరూ వయసూ పెట్టిన పర్సోనా, అంటే ఊహించి రాసుకున్న నమూనా యూజర్ ఉంది. వెంటనే తళతళలాడే స్క్రీన్లు. ఏం చూసి ఏం మార్చామన్నది మాత్రం ఒక్క స్లైడ్‌లోనూ లేదు. ఆ పర్సోనాని పీకేసినా స్క్రీన్లు అలాగే ఉంటాయి. ఆ సంగతి ఆవిడకి నాకన్నా ముందే తెలిసిపోయింది.

అది చాలదన్నట్టు చివరి స్లైడ్‌లో "సస్ స్కోరు 72.5 శాతం" అని వేశాను.

"దేంట్లో శాతమండీ?"

"అంటే... వందకి 72 మందికి నచ్చినట్టు..."

"మీరు టెస్ట్ చేసింది ఆరుగురితో కదా?"

పక్కనున్న ఇద్దరూ నోట్‌బుక్‌లోకి తల దించుకున్నారు. సస్ అంటే సిస్టమ్ యూజబిలిటీ స్కేల్, వాడటం ఎంత తేలికో కొలవడానికి 1986లో జాన్ బ్రూక్ తయారుచేసిన పది ప్రశ్నలు. ఒక్కోదానికి 1 నుంచి 5 దాకా మార్కు వేస్తారు. బేసి ప్రశ్నలు మెప్పుగా, సరి ప్రశ్నలు తెగడ్తగా ఉంటాయి. అందుకే బేసి వాటికొచ్చిన మార్కులోంచి 1 తీసేయాలి, సరి వాటికొచ్చిన మార్కుని 5లోంచి తీసేయాలి, అన్నీ కూడి 2.5తో గుణించాలి. 0 నుంచి 100 మధ్య వస్తుంది గానీ అది శాతం కాదు. సగటు 68 దగ్గర ఉంటుందని చెబుతారు కాబట్టి 72.5 అంటే సగటు కన్నా కాస్త నయం, అంతే. ఆరుగురి మీద వచ్చిన అంకెకి దశాంశం కూడా పెట్టుకోవడం నా ఆర్భాటం. ఇప్పుడు నిద్రలో లేపి అడిగినా గడగడా చెబుతాను.

"ఐదుగురితో టెస్ట్ చేస్తే 85 శాతం సమస్యలు దొరుకుతాయి" అని చెప్పుకునేవాళ్ళకీ ఇదే గతి పడుతుంది. యూజబిలిటీ పరిశోధకులు నీల్సన్, లాండవర్ 1993లో వేసిన లెక్క ఒక్కో యూజర్ దగ్గర ఒక్కో సమస్య బయటపడే అవకాశం సగటున 31 శాతం అన్నదాని మీద ఉంది. పదిమందిలో ఒకరికే ఎదురయ్యే సమస్యైతే ఐదుగురితో అది కనిపించే అవకాశం 41 శాతమే. పైగా ఆ లెక్క సమస్యలు పట్టుకోవడానికి పనికొస్తుంది, స్కోరు చూపించుకోవడానికి కాదు.

ఇంటికొచ్చి పాత రికార్డింగులు తీస్తే అసలు సిగ్గు అక్కడ బయటపడింది. ఆవిడ అడిగిన జవాబు నా దగ్గరే ఉంది. ఆ ప్రాజెక్టు క్లినిక్ అపాయింట్‌మెంట్ యాప్. ఐదు స్క్రీన్లని మూడుకి కుదించాం. టెస్ట్‌లో ఆరుగురిలో నలుగురు బుక్ అయ్యాక కూడా వెనక్కి నొక్కారు, తేదీ సరిగ్గా పెట్టామో లేదో చూసుకోవడానికి. ఒక పెద్దాయన జేబులోంచి కాగితం తీసి రాసుకున్నారు: డాక్టర్ పేరు, వారం, తేదీ, టైము. మా స్క్రీన్‌లో వారం లేనే లేదు. ఆయన రాసుకున్న వరసలోనే ఆ నాలుగూ చూపిస్తూ బుకింగ్‌కి ముందు ఒక స్క్రీన్ కలిపాం, "కన్ఫర్మ్" బటన్ అక్కడికి మారింది. మూడు కాస్తా నాలుగైంది. మళ్ళీ టెస్ట్ చేస్తే వెనక్కి నొక్కినవాళ్ళు లేరు. మొదట మేం తప్పు చేశామని తెలిసిపోతుందని ఈ ముక్కని స్లైడ్లలోంచి తీసేసింది నేనే.

రెండో కంపెనీకి ఊపిరి స్లైడ్ పారేశాను. ప్రాజెక్టుకి నాలుగు గడులే: ఏం అనుకున్నాం, ఏం చూశాం, ఏం మార్చాం, మళ్ళీ టెస్ట్‌లో ఏమైంది. ఫిలాసఫీ అడిగితే "నొక్కులు తగ్గించడం కన్నా అనుమానం తగ్గించడం ముఖ్యం" అని ఆ కాగితం ఫొటో చూపించాను. పద్ధతి గురించి గుచ్చితే హ్యూమన్ సెంటర్డ్ డిజైన్‌కి అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్‌ఓ 9241-210 ఉంది, 2010లో వచ్చింది, 2019లో సవరించారు. వాడే సందర్భం తెలుసుకోవడం, అవసరాలు తేల్చడం, డిజైన్ చేయడం, మూల్యాంకనం చేయడం, తేడా వస్తే మళ్ళీ వెనక్కి వెళ్ళడం. ఆ "వెనక్కి" ఎక్కడ వెళ్ళారో చెప్పలేకపోతే దాని పేరు ఎత్తకండి.

అప్పటికప్పుడు ఒక సమస్య ఇచ్చి బోర్డు మీద డిజైన్ చేయమనే వైట్‌బోర్డ్ రౌండ్‌లో మొదటి పది నిమిషాలు మార్కర్ మూత తీయకండి. ఎవరు వాడతారు, నిలబడి వాడతారా, ఒంటిచేత్తోనా, నెట్ పోతే ఏంటి, ఇవన్నీ అడగండి.

బలాల సంగతికొస్తే, ఒక కంపెనీ 34 లక్షణాల్లోంచి మనకి ఐదు ఏరి ఇచ్చే ఆన్‌లైన్ టెస్ట్ ఫలితం పంపమంది. ఆ ఐదు మాటలు చూసి మనిషిని అంచనా వేసే హెచ్‌ఆర్ వాళ్ళకి ఓ దండం. "ఓపిగ్గా వింటాను" అని రాసే ముందు మీ యూజర్ ఇంటర్వ్యూ రికార్డింగ్ ఒకటి తీసి మీరు మాట్లాడిన నిమిషాలు లెక్కపెట్టండి. నాది మొదట్లో 45కి 19 వచ్చింది. ప్రశ్న అడిగాక మనసులో ఐదు లెక్కపెట్టి ఊరుకోవడం అలవాటు చేసుకున్నాక 8కి దిగింది. బలాల గడిలో ఈ రెండంకెలే రాశాను.

ఇంకో కంపెనీ తమ యాప్‌నే వారం రోజుల్లో మార్చి పంపమంది, ఉత్తపుణ్యానికి. ఊహాత్మక ప్రాజెక్టైతే నాలుగు గంటల దాకా చేస్తాను, మీ సొంత పనైతే డబ్బివ్వండి అని మెయిల్ పెట్టాను. జవాబు లేదు. రాకపోతే పోనీ.

ఆఫర్ ఇచ్చినవాళ్ళు ఇవాళ చేరే ముందు నింపే ఫారం పంపారు. అందులోనూ "మీ మూడు బలాలు" గడి ఉంది. ఇరవై అక్షరాలు దాటితే టైపు అవ్వట్లేదు, ఎందుకు అవ్వట్లేదో చెప్పే సందేశమూ లేదు.