వాకిలిని ఎట్లా ఎత్తుకుపోతారు?

నా నవల పదకొండో చాప్టర్ దగ్గర పద్నాలుగు నెలలు ఆగిపోయింది. అప్పటికి నూట నలభై పేజీలు అయ్యాయి. చివర ఏం జరుగుతుందో నాకు తెలుసు. నాకే కాదు, కర్నూలు వైపు ఎవరిని అడిగినా చెప్తారు: ఊరు మునిగిపోతుంది. చిక్కంతా అక్కడే వచ్చింది.

కథ శ్రీశైలం ముంపు గురించి. 1963లో నెహ్రూ శంకుస్థాపన చేసిన డ్యామ్ అది. ఊళ్లను ఖాళీ చేయించింది మాత్రం 1981లో. కృష్ణకు అటు మహబూబ్‌నగర్ జిల్లా, ఇటు కర్నూలు జిల్లా కలిపి వంద దాకా ఊళ్లు పోయాయి. మా అమ్మ పుట్టిల్లు వాటిలో ఒకటి. నేను పుట్టేసరికే ఆ ఊరు నీళ్ల కింద ఉంది. ఎండాకాలం నీళ్లు దిగితే సంగమేశ్వరం గుడి బయటపడుతుంది, జనం పడవలు మానేసి నడిచి వెళ్లి వేప మొద్దు లింగానికి దండం పెట్టుకుంటారు. మా ఊరికి అంత గొప్ప గుడి లేదు. బాగా ఎండిన ఏడాది ఒక బావి ఒర, కొన్ని బండలు తేలతాయట.

శంకుస్థాపనకూ ముంపుకూ మధ్య పద్దెనిమిదేళ్లు. నవల నడిమి భాగం అంటే ఆ పద్దెనిమిదేళ్లూ రాయాలనే అనుకున్నాను. మొదటి పది చాప్టర్లు ఊరు, మనుషులు, పీర్ల పండగ, గట్టు తగాదాలతో హాయిగా నడిచాయి. పదకొండులో సర్వేవాళ్లు వచ్చి రాళ్లు పాతి వెళ్లారు. తర్వాత? అందరూ కూర్చుని నీళ్ల కోసం ఎదురుచూస్తున్నారు. పన్నెండో చాప్టర్ ఎలా మొదలుపెట్టినా అరుగు మీద ఇద్దరు ముసలాళ్లు తయారయ్యేవాళ్లు. "నీళ్లొస్తాయంటావా?" "యాడొస్తాయిలే." ఈ సంభాషణను నాలుగు రకాలుగా రాశాను. నాలుగోసారి వాళ్లిద్దరినీ చూస్తేనే విసుగొచ్చింది.

ఆ పద్నాలుగు నెలలూ నేను ఖాళీగా ఉన్నానా అంటే అదీ లేదు. మొదటి చాప్టర్‌ను తొమ్మిదిసార్లు తిరగరాశాను. బ్యాంకు ఉద్యోగం చేసే చెయ్యి కదా, ఎక్సెల్‌లో పాత్రలన్నిటికీ ఏడాదివారీగా వయసులు వేశాను. పాత పేపర్ కటింగులు, నష్టపరిహారం కాగితాల జిరాక్సులు పోగేశాను. రిజర్వాయర్ పూర్తి నీటిమట్టం 885 అడుగులని నిద్రలో లేపి అడిగినా చెప్పగలిగే స్థితికి వచ్చాను. ఆ అంకె నవలలో ఎక్కడా రాలేదు. నోట్స్ రాసుకుంటున్నంతసేపు నవల రాస్తున్నట్టే ఉంటుంది, రాత్రి పడుకోబోయే ముందు తెలుస్తుంది ఒక్క లైనూ ముందుకు పోలేదని.

తెలిసిన రచయిత ఒకాయన "తెల్లవారి అయిదింటికి లేచి రోజుకో పేజీ రాయండి, అదే వస్తుంది" అన్నారు. ఇరవై రెండు రోజులు లేచాను. ఇరవై రెండు పేజీలు వచ్చాయి. లెక్కపెడితే పదహారు పేజీలు వాన.

ఇంకొకరు మధ్య వదిలేసి చివరికి దూకమన్నారు. ముంపు చాప్టర్‌ను మూడు రాత్రుల్లో పంతొమ్మిది పేజీలు ఏడుస్తూ రాశాను. బాగా వచ్చిందనే అనుకున్నాను. దాంతో పరిస్థితి ఇంకా చెడింది. ఏడవాల్సిందంతా ఏడ్చేశాక మధ్యలో రాయడానికి నాకు ఆత్రం ఏముంటుంది? ఈ సలహా కొందరికి పనికొస్తుందేమో, నాకు మాత్రం పడలేదు.

ఆ పంతొమ్మిది పేజీలనే తెనాలిలో ఉండే స్నేహితురాలికి పంపాను. ఆమె ప్రింట్ తీసి, ఎర్ర పెన్నుతో దిద్ది, ఫొటోలు పెట్టింది. ఒక వాక్యం కింద గీత. "అందరూ వాకిళ్లు పీకి బండ్లకెత్తుకున్నారు." పక్కన ఆమె ప్రశ్న: "వాకిలిని ఎట్లా ఎత్తుకుపోతారు?"

మాకు వాకిలి అంటే తలుపు. "వాకిలెయ్యి" అంటే తలుపు వెయ్యమని. వాళ్లకేమో ఇంటి ముందు కళ్లాపి చల్లి ముగ్గేసే చోటు. దాన్ని పీకి బండిలో ఎట్లా వేశారా అని పాపం ఆమె నిజంగానే ఆలోచించిందట. ఫోన్‌లో చాలాసేపు నవ్వుకున్నాం. ఫోన్ పెట్టేశాక మాత్రం ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. అవును, తలుపే అనుకున్నా, ఎట్లా ఎత్తుకుపోయారు? చెంబు తీసి సంచిలో వేసుకున్నట్టు రాసేశాను గానీ, తలుపు బిగించే చౌకట్టు గోడలో ఉంటుంది కదా.

ముంపు తర్వాత మా మామ నందికొట్కూరు దగ్గర స్థిరపడ్డాడు. ఆ సాయంత్రమే ఫోన్ చేశాను.

"మామా, ఊర్లో మన ఇంటి వాకిలి ఎట్ల తీసినారు?"

"ఎట్ల తీస్తారు పాపా, గోడ పగలగొట్టి తీస్తారు."

అక్కణ్ణుంచి నలభై నిమిషాలు చెప్పాడు. మట్టి మిద్దె. పైన చవుడు మట్టి, దాని కింద దంతెలనే అడ్డకర్రలు, దంతెల కింద దూలాలు. చౌకట్టు కావాలంటే ముందు చవుడు దించాలి, దంతెలు విప్పాలి, దూలం దించాలి, ఆ తర్వాతే గోడ. అంటే వాకిలి దక్కాలంటే ఇంటిని మన చేతులతోనే విప్పుకోవాలి. విప్పితే ఆ రాత్రి పిల్లలతో ఎక్కడ పడుకోవాలి? ముందే విప్పితే, నీళ్లు రాకపోతే ఊర్లో నవ్వులపాలు. ఆలస్యం చేస్తే విప్పడానికి మనుషులు దొరకరు, బండి బాడుగ పెరుగుతుంది. చివరికి సర్కారు మనుషులే వచ్చి పడగొడితే టేకు కర్ర చీలిపోతుంది.

"మొదట మిద్దె విప్పినోన్ని ఊరంతా తిట్టినారు. వాడు విప్పినాడంటే నీళ్లు నిజంగా వస్తాయనే గదా."

కాసేపాగి ఇంకో మాట అన్నాడు. "మేము ఇద్దరం అన్నదమ్ములం. వాకిలి ఒకటే." అంతే, మాట మార్చి శనగల రేటు గురించి మాట్లాడాడు.

నేను పద్నాలుగు నెలలు నీళ్లు ఎప్పుడొస్తాయని కూర్చున్నాను. వాళ్లెవరూ కూర్చోలేదు. లెక్కలు వేసుకుంటున్నారు, పక్కింటి కప్పు వైపు ఓరకంట చూస్తున్నారు. ఆ రాత్రి కాగితం మీద రెండే ముక్కలు రాసుకున్నాను: మిద్దె ఎప్పుడు విప్పాలి, వాకిలి ఎవరికి.

కొత్త పన్నెండో చాప్టర్‌లో తమ్ముడు వడ్రంగి దగ్గరికి వెళ్లి చౌకట్టుకు ఎంత వస్తుందని గుట్టుగా అడుగుతాడు. సాయంత్రానికల్లా వడ్రంగి భార్య ఆ మాట బావి దగ్గర చెప్పేస్తుంది. వదిన నీళ్లు తోడకుండానే బిందెతో ఇంటికొస్తుంది. పదమూడో చాప్టర్ ఏమిటో నేను వెతుక్కోవాల్సిన పని లేకపోయింది. పాత డ్రాఫ్ట్‌లో రెండు సీన్లు తారుమారు చేసినా ఎవరికీ తెలిసేది కాదు. ఇప్పుడు ఒకటి తీస్తే తర్వాతిది నిలబడదు.

ఎక్సెల్ కూడా ఒక్కసారి అక్కరకొచ్చింది. 1963 నాటికి తమ్ముడికి ఆరేళ్లు. వాకిలి కోసం పోట్లాడే వయసు రావాలంటే కథ 1981లోనే నడవాలి. పద్దెనిమిదేళ్లను ఒక చాప్టర్‌కు కుదించి, నడిమి భాగమంతా ఆరు నెలల్లో పెట్టాను. ఇరవై రెండు పేజీల నుంచి ఒక పేరా వాన మిగిలింది. ముంపు పంతొమ్మిది పేజీలు రెండున్నరకు వచ్చాయి. తీసేసేటప్పుడు ప్రాణం గిలగిల్లాడింది, అబద్ధమెందుకు.

అంతా సాఫీగా ఏమీ పోలేదు. పదిహేనో చాప్టర్ దగ్గర మళ్లీ మూడు వారాలు ఆగాను. ఈసారి కారణం తొందరగానే దొరికింది: నాకు తెలియకుండానే తమ్ముడి పాత్రలో మామను పెట్టుకుని ఆయన పక్షాన రాస్తున్నాను, అన్న పాత్ర ఉత్త దుర్మార్గుడైపోయాడు. దుర్మార్గుడితో ఎవరు బేరమాడతారు, తిట్టి వచ్చేస్తారు. ఆ టేకు కొనడానికి వదిన గాజులు అమ్మారని రెండు సీన్లు అన్న వైపు నుంచి రాశాక కదిలింది.

మధ్యలో ఒక ఆదివారం మామ ఇంటికి వెళ్లి ఆ వాకిలిని చూసొచ్చాను. చిన్నప్పటి నుంచి వందసార్లు దాటినదే. టేపు పెట్టి కొలిస్తే అయిదున్నర అడుగులు. కొత్త ఇంట్లో గోడ అనుకూలం కాక దాన్ని తిప్పి నిలబెట్టారట, గొళ్లెం అటుది ఇటు అయింది. మా అవ్వ పోయేదాకా రాత్రిళ్లు గొళ్లెం కోసం ఖాళీ వైపే చెయ్యి పెట్టేదని అత్త చెప్పింది. అది నేను నోట్స్‌లో రాసుకోలేదు, రాసుకోవాల్సిన అవసరం రాలేదు.

ఇప్పటికి ఇరవై ఒకటి చాప్టర్లు అయ్యాయి. మొన్న మామ ఫోన్ చేసి, "ఇంతకీ నీ కథలో వాకిలి ఎవరికి పాయె?" అన్నాడు.

"అన్నకిచ్చినా మామా, పదిహేడో చాప్టర్‌లో."

కొంచెంసేపు ఏమీ అనలేదు.

"ఆయప్ప యాడికి పోతాడు నీ కథలో?"

"కర్నూలుకు. అద్దింటికి."

"అద్దింట్లో వాకిలి యాడ నిలబెట్టుకుంటాడు పాపా?"

నా దగ్గర జవాబు లేదు. ఆ రాత్రి పదిహేడో చాప్టర్ మళ్లీ తెరిచాను.