కెటలాన్‌లో 5...బీ5 ఎందుకు ఆడకూడదు

2025 జూలైలో జార్జియాలోని బటూమిలో జరిగిన మహిళల చెస్ వరల్డ్ కప్ ఫైనల్లో కోనేరు హంపి, దివ్యా దేశ్‌ముఖ్‌ల క్లాసికల్ గేములు రెండూ డ్రా అయ్యాయి. విజేతను తేల్చే తక్కువ సమయపు గేముల్లో (రాపిడ్ టైబ్రేక్) దివ్య 1.5–0.5తో గెలిచింది. ఇలాంటి నాకౌట్లలో తెల్లపావులతో ఆడేవాళ్లకు నేను కెటలాన్ ఓపెనింగ్‌నే (ఆట మొదట్లో ఆడే ఎత్తుల వరుస) చెబుతాను. రిస్క్ తక్కువ, ఒత్తిడి మాత్రం చాలాసేపు నిలుస్తుంది.

వరుస ఇదీ (అంకె ఎత్తు సంఖ్య, అంకె పక్కన మూడు చుక్కలుంటే నలుపు ఎత్తు, ! అంటే మంచి ఎత్తు): 1.డీ4 గుర్రం ఎఫ్6 2.సీ4 ఈ6 3.జీ3 డీ5 4.బిషప్ జీ2. ఈ ఓపెనింగ్ ప్రాణమంతా ఆ బిషప్‌లోనే ఉంది.

నలుపు 4వ ఎత్తులోనే సీ4 బంటును తింటే 5.గుర్రం ఎఫ్3. తిన్నది నిలుపుకోవాలని చాలామంది 5...బీ5 ఆడేస్తారు. తప్పు అక్కడే. 6.ఏ4! దానికి ఏ6 ఆడినా లాభం లేదు. బీ5లో తెలుపు కొట్టాక ఏ6 బంటుతో తిరిగి కొడితే దారి తెరుచుకుని, తెలుపు ఏ1 రూక్ (ఏనుగు) ఏ8 రూక్‌ను కొట్టేస్తుంది. 6...సీ6 ఆడితే బీ5లో బంట్ల మార్పిడి, ఆపై 8.గుర్రం ఈ5! గుర్రం తప్పుకోగానే బిషప్‌కు ఏ8 దాకా దారి తెరుచుకుంటుంది. నలుపు 8...గుర్రం డీ5తో అడ్డుకున్నా 9.గుర్రం సీ3 వస్తుంది, రాజేమో ఇంకా మధ్యలోనే.

సరైన పద్ధతి: 4...బిషప్ ఈ7 5.గుర్రం ఎఫ్3, ఇద్దరూ క్యాస్లింగ్ (రాజును రూక్ వైపు జరిపి భద్రపరచడం), అప్పుడు 6...డీ బంటుతో సీ4. 7.క్వీన్ సీ2 ఏ6 8.క్వీన్‌తో సీ4 బీ5 9.క్వీన్ సీ2 బిషప్ బీ7. ఇక్కడ బీ5 క్వీన్‌ను తరుముతుంది, బీ7 బిషప్ తెలుపు జీ2 బిషప్ కదిలే కర్ణాన్ని (ఏటవాలు గళ్ల వరుసను) కాస్తుంది. తెలుపు 10.బిషప్ డీ2 ఆడి ఏ5 గడి మీదుగా సీ7 బంటును నొక్కాలి. నలుపు హాయిగా సీ5 తోయగలిగితే ఆట సమానమే.